పొట్ట మీద నాలుగు గాట్లు

నా పొట్ట మీద ఇప్పుడు అయిదు మచ్చలున్నాయి. బొడ్డు కింద నిలువుగా ఉన్న పొడవాటి గీత 2014 నాటిది. మా అమ్మాయి పుట్టినప్పుడు అత్యవసరంగా సిజేరియన్ చేసిన కోత అది. మిగతా నాలుగూ 2023 మేలో చేయించుకున్న కెమెరా ఆపరేషన్‌తో, అంటే ల్యాప్రోస్కోపీతో, వచ్చాయి. బొడ్డులో ఒకటి, ఎడమ పక్కటెముకల కింద ఒకటి, పొత్తికడుపుకు అటూ ఇటూ చెరొకటి. చూసినవాళ్లంతా "ఇంతేనా?" అంటారు. ఆపరేషన్‌కు ముందు నేనూ అలాగే అనుకున్నాను. గాటు చిన్నదైతే లోపల జరిగే పని కూడా చిన్నదే అని నమ్మడం ఎంత పొరపాటో ఆ పది రోజుల్లో నాకు తెలిసివచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నెలసరి నొప్పి ఆడవాళ్లకు మామూలేనని ఆరేళ్లు ఓర్చుకున్నాను. మొదటి రెండు రోజులూ బల్ల అంచు పట్టుకుని పాఠం చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత నెలసరి లేని రోజుల్లోనూ నడుము కింద లాగుతూ ఉండేది. విరేచనానికి వెళ్తే పొడిచినట్టు నొప్పి వచ్చేది. ఈ చివరి సంగతి మాత్రం సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నా జబ్బు ఎంత లోతుగా ఉందో చెప్పే లక్షణం అదేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

2023 జనవరిలో స్కానింగ్ చేయిస్తే ఎడమ అండాశయంలో 6.2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. చాక్లెట్ సిస్టు అన్నారు. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలమే బయట, అండాశయం మీదా పేగుల మీదా పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అది కూడా నెలనెలా స్రవిస్తుంది. ఆ రక్తానికి బయటికి దారి లేదు. అండాశయంలో అది నిలవ ఉండి చిక్కబడి, కరిగిన చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. సంతాన వయసులో ఉన్న స్త్రీలలో పదిమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. అంటే నా సహోద్యోగులలోనూ, నా పాఠం వినే పెద్ద తరగతి పిల్లల ఇళ్లలోనూ ఎందరో ఉండి ఉంటారు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టు చూసి, "చిన్న ఆపరేషన్ అమ్మా. మూడు రంధ్రాలు పెట్టి తీసేస్తాం. పొద్దున వస్తే మర్నాడు ఇంటికి వెళ్లిపోవచ్చు" అన్నారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి చూడలేదు. ఇంతకుముందు ఆపరేషన్లు ఏమైనా జరిగాయా అని అడగలేదు. కౌంటరు దగ్గర సమ్మతి పత్రం మా వారి చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. నేను పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. ఆలోచించుకుని వస్తామని చెప్పి లేచి వచ్చేశాం.

హైదరాబాద్‌లో మేము చూపించుకున్న రెండో డాక్టరు పెద్దావిడ. ముందు పడుకోబెట్టి పొట్ట చూశారు. పాత కుట్టు పైనుంచి కిందిదాకా వేలితో నొక్కుకుంటూ వచ్చి, "ఇది నిలువు కోత కదమ్మా. దీని వెనక పేగులు అతుక్కుని ఉండవచ్చు. నేను బొడ్డు దగ్గర మొదలుపెట్టను" అన్నారు. మొదటిచోట ఎవరూ చూడని మచ్చ చుట్టూనే ఆవిడ ఆపరేషన్ మొత్తాన్ని ఆలోచించుకోవడం చూసి, నాకు ఒకేసారి భయమూ ధైర్యమూ కలిగాయి.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని బొమ్మ గీశారు. పొట్ట గోడకూ పేగులకూ మధ్య ఖాళీ అంటూ ఉండదు, తడి గుడ్డ మడతల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కెమెరాకు చోటు కావాలంటే లోపల వాయువు నింపి పొట్టను గుడారంలా పైకి లేపాలి. నింపేది కార్బన్ డై ఆక్సైడ్. అది మండదు కాబట్టి లోపల కరెంటుతో కాల్చి రక్తం ఆపవచ్చు. రక్తంలో తొందరగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పీడనం 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంచుతారు. నేను చెప్పే పాఠమే కాబట్టి ఇదంతా వెంటనే అర్థమైంది. అసలు ప్రమాదం ఎక్కడుందో మాత్రం అప్పటిదాకా నాకు తట్టలేదు. కెమెరా లోపలికి వెళ్లాకే కదా లోపల కనిపించేది! దానికి ముందు వాయువు నింపడానికి వెళ్లే సూది చాలాసార్లు కళ్లకు కనిపించకుండానే వెళ్తుంది. సన్నగా ఉన్నవారిలో బొడ్డుకూ వెన్నెముక ముందున్న పెద్ద రక్తనాళానికీ మధ్య దూరం కొన్ని సెంటీమీటర్లే. ల్యాప్రోస్కోపీలో తగిలే పెద్ద దెబ్బలలో దాదాపు సగం ఈ మొదటి ప్రవేశంలోనే తగులుతాయని ఆవిడ చెప్పారు.

ఆ సూదికి వెరెస్ సూది అని పేరు. హంగేరీ వైద్యుడు జానోస్ వెరెస్ 1930లలో క్షయ రోగుల ఛాతీలోకి గాలి పంపడానికి దాన్ని తయారుచేశాడు. పదునైన గొట్టం లోపల మొద్దు కడ్డీ, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. గట్టి పొరను గుచ్చేటప్పుడు కడ్డీ వెనక్కి పోతుంది, ఖాళీ తగలగానే ముందుకు దూకి పదును కప్పేస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటు! అయినా పేగు పొట్ట గోడకే అతుక్కుని ఉంటే ఆ స్ప్రింగు కాపాడలేదు. అందుకని నా విషయంలో ఎడమ పక్కటెముకల కింద మూడు సెంటీమీటర్ల దిగువన సూది వేస్తామన్నారు. అక్కడ అతుకులు అరుదు. పారిస్ వైద్యుడు రౌల్ పామర్ పేరుతో దాన్ని పామర్ బిందువు అంటారు. నా ఎడమ పక్కన ఉన్న మచ్చ కథ అది.

నష్టాలు అంకెలతో చెప్పమని అడిగాను. బ్రిటన్‌లో ప్రసూతి, స్త్రీ వైద్యుల రాయల్ కాలేజీ రోగులకు చెప్పమన్న లెక్క ఇది: కెమెరా పెట్టి చూసి వచ్చే పరీక్షలో కూడా వెయ్యిమందిలో సుమారు ఇద్దరికి పేగుకో, మూత్రాశయానికో, మూత్రనాళానికో, రక్తనాళానికో పెద్ద దెబ్బ తగలవచ్చు. లక్షలో ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా చనిపోవచ్చు. "మీది పరీక్ష కాదు, అతుకులు విడదీసి చేసే ఆపరేషన్. మీకు దీనికంటే ఎక్కువ అనుకోండి" అన్నారు. పేగు దెబ్బల్లో వందకు పదిహేను దాకా ఆ సమయానికి కనిపించకపోవచ్చట. చెప్పి, నా ముఖంలోకి సూటిగా చూసి ఒక మాట అన్నారు. "ఈ ఆపరేషన్ తర్వాత ప్రతి రోజూ ముందు రోజుకంటే బాగుండాలి. ఏ రోజు అలా లేదో, ఆ రోజు అర్ధరాత్రి అయినా ఫోను చేయండి."

అండాశయం గురించి కూడా దాచలేదు. సిస్టు గోడను ఒలిచి తీసేటప్పుడు దానికి అంటుకుని మంచి కణజాలం కూడా కొంత వచ్చేస్తుంది. అందువల్ల అండాల నిల్వ తగ్గుతుంది. రెండో బిడ్డ ఆలోచన మాకు ఇంకా పూర్తిగా పోలేదు. ఆపరేషన్‌కు ముందే ఆ నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చేయించారు. 2.1 వచ్చింది.

వేసవి సెలవుల్లో చేయించుకుందామని నిర్ణయించుకున్నాక ఇంట్లో అసలు గొడవ మొదలైంది. అమ్మ ఏడ్చింది. "ఇబ్రహీంపట్నంలో నలుగురు ఆడపిల్లలు పోయింది ఈ కెమెరా ఆపరేషన్‌తోనే కదే" అంది. అది జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 2022 ఆగస్టులో అక్కడ ఒకే రోజు 34 మందికి డీపీఎల్, అంటే రెండు రంధ్రాల ల్యాప్రోస్కోపీ, పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని అధికారులు చెప్పారు. ఆ నలుగురూ చిన్న పిల్లల తల్లులు. ఆ వార్త నాకు ఇప్పటికీ మరపు రాదు. అమ్మ భయాన్ని కొట్టిపారేయలేకపోయాను. కెమెరా ఒకటే కావచ్చు, కానీ ఒక్కో మనిషికీ పరికరాలు శుద్ధి చేయడానికి పట్టే సమయం ఇస్తున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న నేను మా డాక్టరును అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. పరికరాలు శుద్ధి చేసే గది దగ్గరికి సిస్టర్‌ను తోడిచ్చి పంపి, తలుపు బయటినుంచి చూపించారు. ఆ రోజు మొత్తం మీద మూడే ఆపరేషన్లు పెట్టుకున్నామని చెప్పారు.

అమ్మ రెండో మాట, "ఎలాగూ పొట్టలోకి వెళ్తున్నారు, గర్భసంచి కూడా తీసేయమను, పీడ పోతుంది." మా పెద్దమ్మ ముప్పై ఎనిమిదో ఏట అలాగే తీయించుకుంది. మా వైపు ఇది ఎంత మామూలంటే, 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. డాక్టరు అమ్మకు ఓపిగ్గా చెప్పారు. నా జబ్బు ఉన్నది గర్భసంచి బయట, కాబట్టి అది తీసినంత మాత్రాన బయట ఉన్న జబ్బు పోదు. కెమెరాతో తీయడం తేలికని ఆ పని అవసరమైపోదు. ఈ పద్ధతి అన్నింటికీ మంచిది కూడా కాదన్నారు. తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కెమెరా పద్ధతిలో ఆపరేషన్ చేసినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉందని 2018లో పెద్ద అధ్యయనం ఒకటి తేల్చింది. నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు పొట్ట కోసి చేసినవాళ్లలో 96.5 శాతం, కెమెరా పద్ధతిలో చేసినవాళ్లలో 86 శాతం. పెద్ద ఫైబ్రాయిడ్లను లోపలే యంత్రంతో ముక్కలు చేసి లాగితే, వాటిలో కనిపించని క్యాన్సర్ ఉంటే పొట్టంతా చెదిరే ప్రమాదముందని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ట్యూబులో గర్భం నిలిచినప్పుడు, సిస్టు మెలిపడినప్పుడు, నాలాంటి అతుకుల జబ్బులో మాత్రం దీన్ని మించింది లేదని కూడా ఆవిడే చెప్పారు. కొత్త అతుకులు తక్కువగా పడతాయి, కెమెరా పెద్దదిగా చూపిస్తుంది కాబట్టి సన్న నాళాలు కూడా కనిపిస్తాయి.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం సమ్మతి పత్రం నా చేతికే ఇచ్చారు. రెండు పేజీలు. మా వారికి చదివి వినిపించాను. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి మా వారికి ఎవరో వకీలు మిత్రుడు చెప్పాడట. ఒకామెను కెమెరా పరీక్ష కోసమని మత్తిచ్చి పడుకోబెట్టి, ఆమె స్పృహలో లేనప్పుడు బయట ఉన్న తల్లి చేత ఒప్పించి గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన తీసేయడానికి ఒప్పుకున్నట్టు కాదనీ, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మేల్కొనేదాకా ఆగాల్సిందేననీ కోర్టు చెప్పింది. నేను ఖాళీ స్థలంలో నా చేత్తో రాశాను: "అవసరమైతే పొట్ట కోసి చేయడానికి సమ్మతి. ప్రాణాపాయం ఉంటే తప్ప గర్భసంచి, కుడి అండాశయం తీయడానికి సమ్మతి లేదు." డాక్టరు చదివి, కింద తానూ సంతకం పెట్టారు.

తెల్లవారి సిస్టర్ వచ్చి దూదితో నా బొడ్డు శుభ్రం చేసింది. ఒక దూది పుల్ల, ఇంకొకటి, మరొకటి. మడతలన్నీ విప్పి, పుల్ల తెల్లగా తిరిగి వచ్చేదాకా వదల్లేదు. ఇంత చిన్నచోట ఇంత శ్రద్ధ ఎందుకన్నాను. "కెమెరా ఇక్కడినుంచే మేడమ్" అంది. ఆ పిల్ల చేతుల నిదానం నాకు ఎంతో ధైర్యమిచ్చింది. లోపల మత్తు డాక్టరు ముఖానికి మాస్కు పెట్టి, బల్లను తల వైపు కిందికి వంచుతామని, పేగులు పైకి జరిగి పొత్తికడుపు ఖాళీ అవడానికని చెప్పారు. తర్వాత ఏమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. గొట్టం వేసినందుకు గొంతు గీరుకుపోయింది. తల కిందికి ఉన్నందుకు కళ్లు ఉబ్బాయి. పొట్ట కంటే ఎక్కువ బాధపెట్టింది కుడి భుజం! లేచి కూర్చుంటే ఎముకలోకి మేకు దిగినట్టు, పడుకుంటే తగ్గిపోతూ. లోపల మిగిలిన వాయువు పైకి చేరి, ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న డయాఫ్రం కండరాన్ని రేపుతుంది. ఆ కండరపు నరమూ భుజం చర్మపు నరమూ మెడలో ఒకచోటినుంచే వస్తాయి కాబట్టి మెదడు భుజమే నొస్తోందనుకుంటుంది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి కంగారు పడలేదు. అమ్మ మాత్రం ఆ భుజాన్ని నిమురుతూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది.

సాయంత్రం డాక్టరు తీసిన వీడియో చూపించారు. సిస్టు పగిలి చిక్కటి గోధుమ రంగు ద్రవం కారడం, దాన్ని పీల్చి కడగడం, తెల్లటి గోడను ఉల్లిపొరలా ఒలవడం, ఒలిచినదాన్ని చిన్న సంచిలో వేసి బయటికి లాగడం అన్నీ చూశాను. గర్భసంచి వెనక పేగు అతుక్కుని ఉంది. దాని మీద వేలిగోరంత నల్లటి మచ్చ. "దీన్ని తీయలేదు. తీయాలంటే పేగు కోసి కుట్టే సర్జన్ పక్కన ఉండాలి, మీరు దానికి సమ్మతించి ఉండాలి. రెండూ లేనప్పుడు ముట్టుకోవడం తప్పు" అన్నారు. ఆవిడ చేసిన పని ఎంత గొప్పదో, చేయకుండా ఆగిన పని అంతకంటే గొప్పదని నాకు అనిపించింది.

రెండో రోజు నల్గొండ వచ్చేశాం. ఆ రోజు బాగానే నడిచాను. మూడో రోజు సాయంత్రానికి కుడివైపు గాటు దగ్గర బరువుగా మొదలైంది. రాత్రి స్నానాలగదిలో లైటు కింద చూసుకుంటే, గాటు చుట్టూ అరచేయంత మేర నేరేడుపండు రంగులో కమిలి, తొడ వైపు దిగుతోంది. నొక్కితే గట్టిగా ఉంది. లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. ముందు రోజుకంటే బాగా లేదు. అదే మాట మా వారితో అన్నాను. "పొద్దున్నే వెళ్దామా?" అన్నారు. "ఇప్పుడే" అన్నాను. ఫోను చేస్తే డాక్టరు రెండో రింగుకే ఎత్తారు. నార్కట్‌పల్లి దాటి విజయవాడ రహదారి మీద ఆ అర్ధరాత్రి ప్రయాణంలో ప్రతి గతుకూ నాకు లెక్కే.

స్కానింగ్‌లో పొట్ట గోడ కండరాల మధ్య ఏడు సెంటీమీటర్ల రక్తపు గడ్డ. హిమోగ్లోబిన్ 11.6 నుంచి 9.1కి పడింది. పేగుకు ఏమీ కాలేదు. డాక్టరు మంచం పక్కన కూర్చుని చెప్పారు, "పక్క రంధ్రం వేసేటప్పుడు గోడలో ఉండే సన్న రక్తనాళం కొమ్మ నా చేతి కిందే తెగింది. లోపల వాయువు పీడనం ఉన్నంతసేపూ అది అదుముకుని ఉంది. చివర్లో కెమెరాతో చూసినప్పుడూ కారలేదు. వాయువు వదిలాక మెల్లగా కారడం మొదలుపెట్టింది." పీడనం తీసేస్తే ఏమవుతుందో పిల్లలకు ఏటా చెప్పేదాన్ని, నా ఒంట్లోనే చూశాను. తప్పు తన చేతి కింద జరిగిందని అంత సూటిగా చెప్పిన డాక్టరు మీద నాకు కోపం రాలేదు, నమ్మకం పెరిగింది. రెండు రోజులు ఉంచుకుని, ఆరు గంటలకొకసారి రక్తం పరీక్షించి, మళ్లీ కోయకుండానే పంపారు. కమిలిన రంగు నీలం నుంచి ఆకుపచ్చకూ, పసుపుకూ మారి పోవడానికి మూడు వారాలు పట్టింది.

ఆగస్టులో ఏఎంహెచ్ మళ్లీ చేయిస్తే 1.3 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. బయాప్సీలో క్యాన్సర్ లేదు. నెలసరి ఆగేలా రోజుకొక డైనోజెస్ట్ మాత్ర వేసుకుంటున్నాను. రెండో బిడ్డ కావాలనుకుంటే అది ఆపాలి, ఆలస్యం చేయకుండా తేల్చుకోవాలి. పేగు మీది మచ్చ అలాగే ఉంది, ఆరు నెలలకొకసారి చూస్తారు. నొప్పి మాత్రం పదిలో ఎనిమిది వంతులు పోయింది. బల్ల పట్టుకోకుండా నలభై అయిదు నిమిషాలు నిలబడి పాఠం చెబుతున్నాను.

ఒక మధ్యాహ్నం నా మచ్చలకు నూనె రాస్తూ అమ్మ ఉన్నట్టుండి తన చీర కుచ్చెళ్లు కొంచెం దించి బొడ్డు చూపించింది. బొడ్డు అంచున నెలవంకలా చిన్న తెల్లటి గీత. 1991లో, తమ్ముడు పుట్టిన తర్వాత, మండల కేంద్రంలో క్యాంపుకు జీపులో తీసుకెళ్లి చేసిన ఆపరేషన్. మత్తు సూది గాటు దగ్గరే ఇచ్చారట, తాను మేల్కొనే ఉందట. పొట్టలోకి గాలి నింపుతామని గానీ, తల కిందికి వంచుతామని గానీ ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి తిరిగి జీపెక్కించారు. మర్నాడు పొయ్యి దగ్గర కూర్చుంది.

"మూడు రోజులు ఈ కుడి భుజం పీకేసింది. జీపు కుదుపులకు పట్టేసిందనుకున్నాను. నీ ఆపరేషన్ రోజు ఆవిడ చెబుతుంటే అర్థమైంది" అంది అమ్మ, తన భుజాన్ని తాను పట్టుకుని.